మీరిచ్చిన పన్నెండు కంప్యూటర్ల లెక్క

(న్యాల్‌కల్‌లో మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.

 

ప్రతి ఏడాదీ ఈ సభలో ఎంతమంది పిల్లలకు ఫీజు కట్టామో, ఎన్ని ఇళ్లకు రంజాన్ రేషన్ చేర్చామో లెక్క చెప్పుకుంటాం. ఈసారి కమిటీ పెద్దలు మమ్మల్ని పిలిచి, కంప్యూటర్ గది లెక్క కూడా చెప్పమన్నారు. ఆ గదిలో ఉన్నవి మీరిచ్చిన పన్నెండు కంప్యూటర్లు. పోయిన మే నెలలో వాటిలో పది ఒక్కసారిగా మూగబోయాయి. ఆ సంగతి మీలో కొందరికి తెలుసు, కొందరికి సగమే తెలుసు. ఏం జరిగింది, ఎవరి తప్పు, ఎలా బాగుపడ్డాయి, ఎంత ఖర్చయింది, ఇకముందు మీ నుంచి ఏం కోరుతున్నాం, ఇవన్నీ దాచకుండా చెప్పడం మా బాధ్యత. మీరిచ్చింది మా దగ్గర అమానత్. అమానత్‌కు లెక్క అడగకపోయినా చెప్పాలి.

ముందు ఆ గది ఎందుకో చెబుతాం. మన పిల్లలకు ఇప్పుడు చదువు ఎంత అవసరమో, దరఖాస్తు అంత అవసరం. మైనారిటీ గురుకులంలో సీటు కావాలంటే దరఖాస్తు ఆన్‌లైన్‌లో. ఉపకారవేతనం కావాలంటే ఈ-పాస్. డిగ్రీలో చేరాలంటే దోస్త్. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఎక్కించాలి, ఫొటో చిన్నది చేసి ఎక్కించాలి, ఫోన్‌కు వచ్చిన నంబరు కొట్టాలి. చిన్న ఫోన్ తెర మీద ఈ పని చేయబోయి పేరులో ఒక అక్షరం తప్పు పడితే, దాన్ని దిద్దుకోవడానికి మళ్లీ తిరగాలి. జహీరాబాద్ వెళ్లాలంటే బస్సు ఛార్జీ, తండ్రికి ఒకపూట కూలి పోవడం, ఆడపిల్లయితే తోడు ఒకరు. మన గదిలో అయితే సాయంత్రం వచ్చి, టీచర్ పక్కన కూర్చుని, పైసా ఇవ్వకుండా పని ముగించుకుని వెళ్తారు. మిగతా రోజుల్లో తెలుగులో, ఉర్దూలో టైపింగ్ నేర్చుకుంటారు, లెక్కల పట్టికలు వేస్తారు, వీడియో పాఠాలు చూస్తారు.

ఈ కంప్యూటర్లు కొత్తవి కావు. ఒక దాత తాను పనిచేసే ఆఫీసులో కొత్తవి వచ్చినప్పుడు, పాతవాటిని తీసేస్తుంటే అడిగి మనకు ఇప్పించారు. మనకు అందేనాటికే వాటికి కొన్నేళ్ల వయసుంది. వాటన్నిటిలో తెర మీద బొమ్మ చూపించడానికి విడిగా ఒక కార్డు పెట్టి ఉంది. దీన్నే గ్రాఫిక్స్ కార్డు అంటారు. రెండింటిలో ఏఎండీ వారి రేడియాన్ హెచ్‌డీ 5450, మిగతా పదింటిలో ఎన్విడియా వారి జీఫోర్స్ 210. జీఫోర్స్ 210 వచ్చింది 2009లో, రెండోది 2010లో. ఆనాడే అవి చవక రకం కార్డులు. కానీ చవకైనా మన పనికి సరిపోయాయి.

వచ్చినప్పుడు వాటిలో విండోస్ 7 ఉండేది. మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు మద్దతు ఇవ్వడం 2020 జనవరి 14తో ఆపేసింది. మద్దతు ఆగడమంటే కంప్యూటర్ ఆ రోజే ఆగిపోతుందని కాదు. దొంగలు దూరే కన్నాలను పూడ్చేవారు ఇక ఉండరని అర్థం. ఆ తర్వాత బ్రౌజర్లు కూడా పాతదాన్ని వదిలేస్తాయి. క్రోమ్ బ్రౌజర్ విండోస్ 7 మీద 109వ వెర్షన్‌తో, 2023 మొదట్లో ఆగిపోయింది. బ్రౌజర్ పాతబడితే కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవు, తెరుచుకున్నా సగం బటన్లు పనిచేయవు. దరఖాస్తుల కోసమే పెట్టిన గదికి అది పెద్ద దెబ్బ. కాబట్టి పాత యంత్రం ఉంచుకున్నా, దాని లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం కొత్తగా ఉండాలి. మా తిప్పలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

2021లో మేము అన్నింటిలోనూ లినక్స్ మింట్ 20 ఎక్కించాం. ఇది ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, ఎన్నింటిలోనైనా పెట్టుకోవచ్చు, చట్టం ప్రకారమే. ఒక మాట ఒప్పుకోవాలి. అంతకుముందు మా దగ్గర కొన్ని కంప్యూటర్లలో ఉన్న విండోస్ దొంగ ప్రతి. ఎవరో తెచ్చి వేశారు, మేమూ అడగలేదు. ఒకరోజు ఒక పిల్లవాడు ‘సార్, దీనికి పైసలు కట్టినమా?’ అని అడిగాడు. మా దగ్గర జవాబు లేకపోయింది. అమానత్ గురించి పాఠం చెప్పే గదిలో దొంగ సరుకు ఉండకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

నాలుగేళ్లు బాగానే నడిచింది. మింట్ 20కి మద్దతు 2025 ఏప్రిల్‌తో ముగిసింది. మింట్ 22 తీసుకుంటే 2029 వరకు భద్రత దిద్దుబాట్లు వస్తాయి. వేసవి సెలవులు కదా అని మే నెలలో పని మొదలుపెట్టాం. పాతదాన్ని తుడిచేయకుండా, దాని మీదే 20 నుంచి 21కి, 21 నుంచి 22కి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ వెళ్లాం. పిల్లల ఫైళ్లు అలాగే ఉంటాయని మా ఆశ. ఒకదాన్ని చేసి, నాలుగు రోజులు చూసి, ఆ తర్వాత మిగతావి చేయాల్సింది. మేము మొదట చేసి చూసింది రేడియాన్ కార్డు ఉన్న కంప్యూటర్. అది చక్కగా నడిచేసరికి ధైర్యం వచ్చి, మిగిలినవన్నీ రెండు రాత్రుల్లో పెంచేశాం.

మూడో రోజు సాయంత్రం తలుపు తీశాక ఒక అమ్మాయి వచ్చి, ‘సార్, తెర నల్లగనే ఉన్నది, ఏం జేసినా వస్తలేదు’ అంది. వెళ్లి చూస్తే ఒకటి కాదు, జీఫోర్స్ కార్డులున్న పదీ అంతే. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. అవి దోస్త్ దరఖాస్తులు నడుస్తున్న రోజులు. ఇంటర్ పాసైన పిల్లలు కాగితాలు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. మిగిలిన రెండు కంప్యూటర్ల మీద వంతులవారీగా రాత్రి పొద్దుపోయేదాకా ఆ పని నడిపాం. ఎవరి గడువూ దాటలేదు, అల్హందులిల్లాహ్. కానీ ఆ వారం రోజులు మా గుండెలు మా చేతుల్లో లేవు.

పట్నం నుంచి ఒక కంప్యూటర్ వ్యాపారిని పిలిపించాం. ఆయన ఐదు నిమిషాలు చూసి, ‘ఈ కార్డులు కాలం చెల్లినయి సార్, ఇవి తూకానికి ఏసెయ్యిండ్రి, కొత్తయి తీసుకోండ్రి’ అన్నాడు. ఆయన మాటలో సగం నిజముంది. కొత్త కంప్యూటర్ అంటే ఒక్కోటి పాతిక వేలకు తక్కువ రాదు. పదింటికి లెక్క వేసుకోండి.

కమిటీ కూర్చుంది. ఇక్కడున్న పెద్దలకు ఆ రాత్రి చర్చ గుర్తుండే ఉంటుంది. జకాత్ పైకం ఈ గదికి వాడొచ్చా అని ఒకరు అడిగారు. జకాత్ హక్కుదారుడి చేతికి, అతని సొంతం అయ్యేలా చేరాలన్నది చాలామంది ఉలమాల మాట. కంప్యూటర్ గది సంస్థ ఆస్తి, ఏ ఒక్క బీదవాడి సొత్తూ కాదు. కాబట్టి ఆ పైకం ముట్టుకోలేం. ఇక మిగిలింది సదఖా, మామూలు చందాలు. వాటిలోంచే పిల్లల పుస్తకాలు, జబ్బుపడ్డవారికి మందులు, ఆడపిల్లల బస్ పాసులు. పది కంప్యూటర్లు కొంటే ఆ ఏడాది వాటిలో చాలావరకు ఆపేయాలి. మేమంతా చాచా అని పిలుచుకునే పెద్దాయన మా వైపు తిరిగి, ‘మాస్టర్ సాబ్, నిజంగా పాడయ్యాయా, లేక మనకు బాగుచేయడం రాదా? ముందు అది తేల్చండి’ అన్నారు. మాకు పది రోజుల గడువిచ్చారు.

ఆ పది రోజుల్లో మేము నేర్చుకున్నది మీకు తేలిక మాటల్లో చెబుతాం. మన మండలం అంచు దాటితే కర్ణాటక. ఒక్క వీధిలోనే తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ వినిపిస్తాయి. భాష రాని ఆఫీసుకు వెళ్లినప్పుడు మనం ఒక దుబాసీని, అంటే తర్జుమాన్‌ను, వెంట తీసుకెళ్తాం. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక భాష మాట్లాడుతుంది, గ్రాఫిక్స్ కార్డు మరో భాష. మధ్యలో నిలబడి ఈ మాట ఆవైపు చెప్పే దుబాసీ పేరు డ్రైవర్. అది ఒక ప్రోగ్రామే, వస్తువు కాదు. మా కార్డులకు ఏ జబ్బూ లేదు. దుబాసీ రావడం మానేశాడు, అంతే.

ఎందుకు మానేశాడు? జీఫోర్స్ 8 సిరీస్ నుంచి 300 సిరీస్ వరకు ఉన్న పాత కార్డులకు ఎన్విడియా లినక్స్ కోసం ఇచ్చిన చివరి డ్రైవర్ 340.108. అది 2019 డిసెంబర్‌లో వచ్చింది. విండోస్ కోసం ఇచ్చిన చివరిది 342.01, 2016 డిసెంబర్‌లో. కొత్త కార్డులు వచ్చాక పాతవాటి మీద మనుషులను కూర్చోబెట్టడం ఏ కంపెనీకైనా ఖర్చే, అందుకని ఒక చోట ఆపుతారు. అది వ్యాపారంలో మామూలే. లినక్స్ వైపు మాత్రం పని ఆగదు. దాని నడిబొడ్డున ఉండే భాగాన్ని కెర్నల్ అంటారు. ఏటా కొన్నిసార్లు కొత్త కెర్నల్ వస్తుంది, లోపలి పద్ధతులు మారుతాయి. ఆఫీసులో దరఖాస్తు ఫారం మారిపోయినా పాత దుబాసీ పాత ఫారమే నింపి తెస్తే ఎవరు తీసుకుంటారు? మింట్ 20లో కెర్నల్ 5.4 ఉండేది, ఆ డ్రైవర్ దానితో సర్దుకుంది. మింట్ 22లో కెర్నల్ 6.8. ఆ డ్రైవర్ అందులో కుదరదు. కొత్త మింట్ దాన్ని ఇవ్వనూ ఇవ్వదు.

అయితే మరొక దుబాసీ ఉన్నాడు. పేరు నూవో. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కొత్త అని అర్థం. కంపెనీ తన కార్డుల లోగుట్టు బయటపెట్టని రోజుల్లో, లోకంలో అక్కడక్కడా ఉన్న ప్రోగ్రామర్లు కంపెనీ డ్రైవర్ కార్డుతో ఏం మాట్లాడుతోందో గమనిస్తూ, ఒక్కో మాటకూ అర్థం కనిపెట్టి, సొంతంగా రాసిన డ్రైవర్ అది. 2010 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.33 కెర్నల్‌తో అది లినక్స్‌లోనే భాగమైపోయింది. కెర్నల్‌లోపలే ఉంటుంది కాబట్టి, లోపలి పద్ధతి మార్చినప్పుడు మార్చినవారే దాన్నీ సరిచేస్తారు. పదిహేనేళ్ల కిందటి కార్డు ఇవాళ్టి కెర్నల్‌తో మాట్లాడగలుగుతోందంటే కారణం ఇదే.

రేడియాన్ కార్డులున్న రెండు కంప్యూటర్లు ఎందుకు ఆగలేదో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఏఎండీ 2007లో తన కార్డుల సాంకేతిక వివరాలను బయటి ప్రోగ్రామర్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ వివరాల సాయంతో ఎదిగిన డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. ఆనాడు కొన్ని కాగితాలు బయటపెట్టడం వల్ల, ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు న్యాల్‌కల్‌లో ఒక అమ్మాయి దోస్త్ దరఖాస్తు గడువులోపల వెళ్లింది. వారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఇతరులకు ఉపకరించే విద్య మనిషి పోయాక కూడా పుణ్యం తెచ్చిపెడుతుందని మనం పిల్లలకు చెబుతాం. ఆ మాట అర్థం మాకు ఆ రోజు ఇంకాస్త బాగా తెలిసింది.

మరి నూవో ఉండగా మా తెరలు ఎందుకు నల్లబడ్డాయి? అక్కడే మా తప్పు బయటపడింది. 2021లో వేగం బాగుంటుందని మేమే కంపెనీ డ్రైవర్‌ను ఎక్కించాం. అది ఎక్కేటప్పుడు, ఇద్దరు దుబాసీలు ఒకేసారి మాట్లాడితే గొడవ కాబట్టి, నూవోను లోపలికి రానివ్వవద్దని ఒక చిన్న ఫైలులో రాసిపెడుతుంది. మేము తుడవకుండా మీద మీద పెంచాం. పాత దుబాసీ పనికి రాలేదు, కొత్తవాడిని గడప దాటనివ్వని కాగితం మాత్రం అలాగే మిగిలింది. తలుపు లోపలినుంచి మేమే వేసుకుని, బయటివాళ్లు రాలేదని ఏడ్చినట్లయింది.

బాగుచేసిన పద్ధతి ఇది. ఇలాంటి పాత కార్డు మీ ఇంట్లోనో బడిలోనో ఉంటే పనికొస్తుందని కాస్త వివరంగా చెబుతున్నాం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే మెనూలో ఇ అనే మీట నొక్కితే, మొదలయ్యే ఆదేశాల వరుస కనిపిస్తుంది. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అనే ఒక్క మాట చేర్చి, ఎఫ్10 నొక్కాలి. అప్పుడు కార్డు ప్రత్యేక విద్యలేవీ వాడకుండా, మోటుగానైనా బొమ్మ కనిపిస్తుంది. ఆ మాట ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, శాశ్వతం కాదు. ఆ మోటు తెర మీద కూర్చుని కంపెనీ డ్రైవర్ అవశేషాలన్నీ తీసేశాం, నూవోను అడ్డుకునే ఫైలు తొలగించాం, మొదట్లో చదివే ఫైళ్లను మళ్లీ తయారు చేయించి, ఆపి మొదలుపెట్టాం. తెర పూర్తి వెడల్పుతో, అక్షరాలు స్పష్టంగా వచ్చింది. గదిలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూడింటిని అలా చేశాక ఇంకో సంగతి తెలిసింది. పిల్లల ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, డిస్కు తుడిచి, మింట్ 22ను కొత్తగా ఎక్కించడం ఇంతకన్నా తేలిక. అలా ఎక్కించినప్పుడు నూవో తానుగా వచ్చి కూర్చుంటుంది. ఎక్కించేటప్పుడు తెర రాకపోతే అదే మెనూలో నోమోడ్‌సెట్ ఉపాయం వాడితే చాలు. మింట్‌లో కాస్త బరువైన తెర, తేలికైన తెర అని రకాలున్నాయి. మేము తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకుని, కిటికీలు నీడలతో తేలే సోకులు ఆపేశాం. అవి ఆపాక అప్పుడప్పుడు బిగుసుకుపోవడం కూడా తగ్గింది.

అయినా మూడు కంప్యూటర్లు గంటసేపు నడిచి ఆగిపోయేవి. విప్పి చూస్తే కార్డు మీది చిన్న ఫ్యాన్ దుమ్ముతో బిగుసుకుపోయింది. కార్డు వేడెక్కి ఆగుతోంది. కొత్త కార్డు కోసం వెతుకుతుంటే, మా దగ్గర చదివి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్న కుర్రవాడు ఒకడు కంప్యూటర్ వెనక్కి వెళ్లి చూసి, ‘సార్, బోర్డుకే ఒక తెర సాకెట్ ఉంది కదా’ అన్నాడు. నిజమే. ఆ మదర్‌బోర్డులోనే ఇంటెల్ వారి చిన్న గ్రాఫిక్స్ ఉంది. దానికి కావలసిన డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. కార్డు పీకేసి, తెర తీగను బోర్డుకు తగిలించాం. మూడూ లేచి కూర్చున్నాయి. పైగా కరెంటు తక్కువ, చప్పుడు తక్కువ. పాత కార్డును కొత్త సిస్టమ్‌లో నడిపించడానికి పది రోజులు కుస్తీ పట్టిన మాకు, కొన్నిచోట్ల ఆ కార్డు అవసరమే లేదని తేలింది. మొదటి రోజే వెనక్కి వెళ్లి చూడాల్సింది.

ఇప్పుడు లెక్క. పన్నెండులో రెండు రేడియాన్‌తో మొదటి నుంచీ నడిచాయి. ఆరు నూవోతో నడుస్తున్నాయి. మూడు కార్డు తీసేశాక నడుస్తున్నాయి. ఒకటి మాత్రం పోయింది. దాని బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి, అది బాగయ్యేది కాదు. దాని జ్ఞాపకశక్తి పలకలు, అంటే ర్యామ్, తీసి వేరేదానికి వేశాం. నడుస్తున్న పదకొండింటికీ తక్కువ పడ్డ ర్యామ్, పాత డిస్కుల స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కులు కొన్నాం. మొత్తం ఖర్చు రెండు కొత్త కంప్యూటర్ల ధర కన్నా తక్కువే. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఆ ఏడాది ఏ పిల్ల బస్ పాసూ ఆగలేదు.

మా పనిని గొప్పగా చెప్పుకోవడం లేదు. ఈ కంప్యూటర్లకు హద్దులున్నాయి. నూవోతో ఈ కార్డు పూర్తి వేగంతో నడవదు. కొత్త ఆటలు ఆడలేం, వీడియో కత్తిరింపు పనులు నేర్పలేం. వీడియో పాఠాలు మామూలు నాణ్యతలో, 480పీలో చూస్తాం. రేపు ఏ పిల్లవాడైనా యానిమేషన్ నేర్చుకుంటానంటే అతనికి నిజంగానే కొత్త కంప్యూటర్ కావాలి. అప్పుడు మీ దగ్గరికి వచ్చి అడుగుతాం, మొహమాటపడం.

విండోస్ 11 ఎందుకు వేయలేదని కొందరు అడిగారు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు డైరెక్ట్‌ఎక్స్ 12కు సరిపడే గ్రాఫిక్స్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలని మైక్రోసాఫ్ట్ నియమం. జీఫోర్స్ 210 డైరెక్ట్‌ఎక్స్ 10.1 దగ్గరే ఆగింది. ఆ నియమాన్ని దొడ్డిదారిన దాటించే పద్ధతులున్నాయి. కానీ పిల్లల ఆధార్ కాగితాలు, బ్యాంకు వివరాలు ఎక్కించే యంత్రాలను అలా నడపడం మాకు ఇష్టం లేదు. ఉద్యోగాల్లో విండోస్ అడుగుతారు కదా అన్నారు. టైపింగ్, పట్టికలు, ఈమెయిల్, బ్రౌజర్, ఇవి ఒకచోట వస్తే రెండోచోట రెండు రోజుల్లో వస్తాయి. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి పనిచేసింది. మనమేమీ ఒంటరి దారిలో లేము.

ఇదంతా పట్నం వాళ్ల పని, మనకెందుకు అనుకునేవారికి ఒక మాట. మన జహీరాబాద్ ప్రాంతంలోనే మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. పొలం పనులు చేసుకునే దళిత మహిళలు మైకు, మిక్సర్, రికార్డింగ్ యంత్రం తామే నేర్చుకుని నడిపారు. వాళ్లే ఇళ్లల్లో పాత విత్తనాలు దాచి, మళ్లీ చేలో వేసి, జొన్న, కొర్ర, సామ రకాలు కాపాడారు. పాతదాన్ని దాచడం ఒక్కటే చాలదు, ఏటా విత్తి చూసుకోవాలి. మా కంప్యూటర్లకూ అదే వర్తిస్తుంది. ఇప్పుడు మా గదిలో ఒక రిజిస్టర్ ఉంది. ప్రతి కంప్యూటర్‌కూ ఒక పేజీ. లోపల ఏ కార్డు, ఏ డ్రైవర్, ఎప్పుడు దుమ్ము దులిపారు, ఎప్పుడు ఏం మార్చారు, అన్నీ ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు రాస్తారు. ఆ రోజు నల్లతెర గురించి మొదట చెప్పిన అమ్మాయి వారిలో ఒకరు. ఏ మార్పైనా ఇప్పుడు ముందు ఒక్క కంప్యూటర్‌లో చేసి, వారం చూసి, ఆ అమ్మాయి సరేనంటేనే మిగతావాటికి.

ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలకు తామే మాసికలు వేసుకునేవారని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. వృథా చేయడం మన ధర్మంలో తప్పు. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని, అందులో 22.3 శాతమే సరైన పద్ధతిలో సేకరించి శుద్ధి చేశారని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మిగతాది ఎక్కడో ఒక బీదవాడి ఇంటి వెనక కాలుతుంది, లేదా నేలలో కలుస్తుంది. ఒక కార్డు మరో నాలుగేళ్లు పనిచేస్తే ఆ కుప్పలో అంతమేరకు తగ్గుతుంది.

దాతలను నాలుగు విషయాలు కోరుతున్నాం.

మొదటిది, పాత కంప్యూటర్ ఇచ్చేముందు అందులో ఏముందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఏ గ్రాఫిక్స్ కార్డు, ఎప్పుడు కొన్నది. తెలియకపోతే ఫోన్‌లో ఫొటో పంపండి, మా పిల్లలు చూసి చెబుతారు. మీ సొంత ఫైళ్లు, బ్యాంకు కాగితాలు డిస్కులోంచి పూర్తిగా తుడిచి ఇవ్వండి. మేము కూడా మరోసారి తుడుస్తాం.

రెండోది, పనికిరానిదాన్ని సదఖా పేరుతో పంపవద్దు. మనకు అక్కరలేనిది బీదవాడికి పనికొస్తుందని ఎప్పుడూ అనుకోకూడదు. బోర్డు ఉబ్బినవి, మొదలే కానివి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న కేంద్రానికి ఇవ్వండి. మాకు పంపితే మేము వాటిని మోసుకుని అక్కడికే వెళ్లాలి.

మూడోది, వస్తువుతో పాటు దాని సంరక్షణకూ కొంత ఇవ్వండి. కొత్త కంప్యూటర్ ఇస్తే ఫొటో దిగుతాం, సావనీర్‌లో వేస్తాం. ర్యామ్ పలకకు, దుమ్ము దులిపే బ్లోయర్‌కు, ఎస్‌ఎస్‌డీకి ఎవరూ ఫొటో దిగరు. కానీ గదిని నడిపేవి అవే. ఈ ఏడాది నుంచి కంప్యూటర్ గది మరమ్మతు నిధి అని విడిగా ఒక ఖాతా పద్దు పెట్టమని కమిటీని కోరాం. వారు ఒప్పుకున్నారు. అది జకాత్‌తో కలవదు.

నాలుగోది డబ్బు కాదు. మీ ఇళ్లలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా నెలకు ఒక గంట ఫోన్‌లో మా పిల్లలకు ఇప్పించండి. మే నెలలో ఆ పది రోజులు మేము వెతికిన జవాబు, తెలిసినవారికి పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఇవ్వగలిగిన మనిషి మన జమాఅత్‌లోనే ఎక్కడో ఉండి ఉంటారు. మేము అడగలేదు, వారికి తెలియలేదు. ఇకముందు అలా జరగకూడదు.

చివరగా, కమిటీ పెద్దలకు కృతజ్ఞతలు. తప్పు మాదని తెలిసినా మమ్మల్ని నిలదీయకుండా పది రోజులు ఇచ్చారు. తూకానికి అమ్మేయమన్న వ్యాపారికీ కృతజ్ఞతలే. ఆయన ఆ మాట అనకపోతే మేము ఇంత పట్టుదలగా కూర్చునేవాళ్లం కాదేమో. కంప్యూటర్లు ఇప్పించిన దాత ఈ సభలోనే వెనక వరుసలో ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు. అయ్యా, మీరిచ్చిన పన్నెండింటిలో పదకొండు నడుస్తున్నాయి. సభ ముగిశాక గదికి వచ్చి చూడండి. పిల్లలు తలుపు తీసి ఉంచారు.

మనం ఇచ్చిందాన్ని, ఇచ్చాక చూసుకున్న శ్రమను అల్లాహ్ స్వీకరించుగాక. మన పిల్లలకు ఉపకరించే విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్. అస్సలాము అలైకుం.